ఇంట్రాన్లు ఎందుకున్నాయి?

జన్యువు అంటే డీఎన్ఏ మీద తెగకుండా సాగే ఒకే వాక్యమనే నమ్మకం 1977 వరకు ఉండేది. ఆ ఏడాది రిచర్డ్ రాబర్ట్స్, ఫిలిప్ షార్ప్ బృందాలు వేర్వేరుగా, ఎడినోవైరస్ ఆర్ఎన్ఏను (జన్యువు నుంచి కణం తీసే నకలును) దాని డీఎన్ఏతో జతపరచి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసినప్పుడు, రెండూ అతుక్కున్న చోట్ల నడుమ డీఎన్ఏ ఉచ్చుల్లా పైకి తేలి కనిపించింది. ఆ ఉచ్చులకు జోడీ ఆర్ఎన్ఏలో లేదు. నకలు తీశాక కణం కత్తిరించి పారేసే ఈ భాగాలే ఇంట్రాన్లు. మిగిలి, ఒకదానితో ఒకటి అతుక్కునేవి ఎక్సాన్లు.

కండరాలకు అవసరమైన డిస్ట్రోఫిన్ జన్యువులో 20 లక్షలకు పైగా అక్షరాలు (డీఎన్ఏను కూర్చే రసాయన ప్రమాణాలు) ఉంటే, 79 ఎక్సాన్లు కలిసి ఏర్పడే తుది ఆర్ఎన్ఏ సందేశంలో ఉండేవి దాదాపు 14,000 మాత్రమే. ఆ జన్యువుకు నకలు తీయడానికే కణానికి సుమారు 16 గంటలు పడుతుంది. ఇంత శ్రమకు ఫలమేమిటని అడగడం సహజమే. కానీ ఇంట్రాన్లు ఎలా వచ్చాయన్నది ఒక ప్రశ్న, ఇప్పుడు ఏం చేస్తున్నాయన్నది మరొకటి. ఈ రెంటినీ కలిపేయడం వల్లనే చిక్కంతా వస్తోందని నా అభిప్రాయం.

కొన్ని బ్యాక్టీరియాలలో తమను తామే కత్తిరించుకుని, డీఎన్ఏలో మరోచోట దూరగల ఆర్ఎన్ఏ ముక్కలున్నాయి. మన కణాలలో ఇంట్రాన్లను తొలగించే స్ప్లైసియోజోమ్ అనే యంత్రాంగం రసాయనికంగా అదే పద్ధతిలో పనిచేస్తుంది కాబట్టి, ఇంట్రాన్లు అలాంటి చొరబాటుదారుల సంతతేనని చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. అంటే అవి ఏదో ఒక పని కోసం వచ్చినవి కావు.

పైగా వాటితో ముప్పు కూడా ఉంది. ఇంట్రాన్ దాదాపు ఎప్పుడూ ఏ, జీ అనే రెండక్షరాలతో ముగుస్తుంది. హీమోగ్లోబిన్‌కు కావలసిన బీటా గ్లోబిన్ జన్యువులో మొదటి ఇంట్రాన్ పొడవు 130 అక్షరాలు. అందులో 110వ స్థానంలోని జీ ఒక్కటి ఏగా మారితే, అసలు ముగింపు కన్నా ముందే ఒక దొంగ ముగింపు పుడుతుంది. యంత్రాంగం చాలాసార్లు అక్కడే కోత వేయడంతో ఇంట్రాన్ తోకలోని 19 అక్షరాలు సందేశంలో మిగిలిపోతాయి. వాటి చివరన ప్రోటీన్ తయారీని ఆపివేసే సంకేతం ఉన్నందువల్ల గ్లోబిన్ మధ్యలోనే నిలిచిపోతుంది. బీటా థలసీమియా అనే వంశపారంపర్య రక్తహీనతకు ఇదొక కారణం.

అయినా ఆ కోతనే కణం వాడుకలోకి తెచ్చుకుంది. ఒకే జన్యువులోని ఎక్సాన్లను ఒక రకంగా కూర్చి థైరాయిడ్ కణాలు కాల్సిటోనిన్ హార్మోనును, మరో రకంగా కూర్చి నాడీకణాలు రక్తనాళాలను వ్యాకోచింపజేసే వేరే పదార్థాన్ని తయారుచేస్తాయి.

పారేసిన ముక్క సైతం పనికిమాలినది కానక్కరలేదు. ఈస్ట్‌లోని సుమారు 6,000 జన్యువులన్నిటిలోనూ కలిపి ఇంట్రాన్లు 300 వరకే ఉంటాయి. వాటిలో ఏదో ఒకదాన్ని తీసేసిన ఈస్ట్ చాలా సందర్భాల్లో తిండి పుష్కలంగా ఉన్నంతకాలం బాగానే పెరిగిందనీ, పోషకాలు తరిగాక మాత్రం ఇంట్రాన్లున్న ఈస్ట్‌తో పోటీలో నిలవలేకపోయిందనీ 2019లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఆకలి వేళ కత్తిరించిన ఇంట్రాన్లలో కొన్నిటిని కణం విచ్ఛిన్నం చేయకుండా పోగేసుకుని, తన పెరుగుదలను తగ్గించుకోవడానికి వాడుకుంటోంది.