చెవికి సొంత పద్దు: అమెరికాలో వినికిడి పరిశోధన నిధుల పూర్వాపరాలు

2025 మే నెలలో అమెరికా అధ్యక్ష భవనం తరువాతి ఆర్థిక సంవత్సరానికి ప్రకటించిన బడ్జెట్ ప్రతిపాదన ప్రకారం, వైద్య పరిశోధనకు ప్రభుత్వ సొమ్ము అందించే నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ నిధుల్లో దాదాపు 40 శాతం కోత పడాలి, దాని కింద ఉన్న 27 సంస్థలు, కేంద్రాలు ఎనిమిదికి తగ్గాలి. వినికిడి, శరీర సమతూకం, వాసన, రుచి, గొంతు, మాట, భాష అనే ఏడు రంగాల పరిశోధనకు డబ్బిచ్చే ఎన్ఐడీసీడీ అనే సంస్థ కూడా ఈ లెక్కన విడి సంస్థగా మిగలకుండా మరో పెద్ద సంస్థలో కలిసిపోతుంది. దాని వార్షిక పద్దు సుమారు 53 కోట్ల డాలర్లు. మాతృసంస్థకు అందే దాదాపు 4,700 కోట్ల డాలర్లలో ఇది ఒక శాతానికి కాస్త ఎక్కువ. ఇంత చిన్న పద్దుకు వేరే సంస్థ ఎందుకని అడగడం సహజమే. దానికి సమాధానం ఆ సంస్థ లేని రోజుల్లో ఉంది.

1950లో ట్రూమన్ ప్రభుత్వ కాలంలో నాడీ వ్యాధులకు, అంధత్వానికి కలిపి ఒక జాతీయ పరిశోధన సంస్థ ఏర్పడింది. దాని పేరులో చూపు ఉంది, వినికిడి లేదు. 1968లో కంటికి విడిగా జాతీయ సంస్థ వచ్చినా, చెవి మాత్రం నాడీ సంస్థలోనే ఉండిపోయింది. 1975లో ఆ సంస్థ పేరును సవరించి సంభాషణ లోపాలను చేర్చారు గానీ, పక్షవాతం, మూర్ఛ, పార్కిన్సన్స్ వంటి జబ్బులతో ఒకే పద్దు కోసం పోటీ పడవలసిన స్థితి మారలేదు. చెవుడు ప్రాణం తీయదు. నొప్పి కూడా పెట్టదు. అటువంటి లోపం అత్యవసరాల వరుసలో ఎప్పుడూ వెనక్కే జరుగుతుంది.

అయినా ఆ ఇరుకులోనే ప్రభుత్వ సొమ్ము ఒక గొప్ప పని చేసింది. 1957లో పారిస్‌లో జూర్నో, ఎయిరీస్ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యులు బధిరుడైన ఒక వ్యక్తి శ్రవణ నాడిని విద్యుత్తుతో ప్రేరేపించి శబ్దానుభూతి కలిగించారు. 1961లో లాస్ ఏంజిలిస్‌లో విలియం హౌస్ రోగుల చెవుల్లో ఎలక్ట్రోడ్లు అమర్చడం మొదలుపెట్టినప్పుడు, శాస్త్రవేత్తల్లో చాలామంది ఆ ప్రయత్నాన్ని నమ్మలేదు. ఈ వివాదం తేల్చడానికి ప్రభుత్వమే ఖర్చు భరించి, పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ బిల్గర్ బృందం చేత 13 మంది రోగులను పరీక్ష చేయించింది. 1977లో వచ్చిన ఆ నివేదిక నిజాయితీగా ఉంది: ఒట్టి శబ్దంతో వారికి మాట అర్థం కావడం లేదు, కానీ పెదవుల కదలికను చదవడం సులువైంది, సొంత గొంతుపై అదుపు పెరిగింది, చుట్టుపక్కల చప్పుళ్లు తెలుస్తున్నాయి. ఆ మాత్రం ఆధారంతోనే పరిశోధనకు తలుపు తెరుచుకుంది.

అసలు చిక్కు ఏమిటంటే, లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే కాక్లియాలో వరుసగా అమర్చిన ఎలక్ట్రోడ్లన్నిటికీ ఒకేసారి విద్యుత్తు పంపితే, ఒకదాని ప్రవాహం మరొకదానిలో కలిసిపోయి మాట అలికేసినట్టు అవుతుంది. నార్త్ కరోలినాలో ప్రభుత్వ కాంట్రాక్టుపై పనిచేసిన బ్లేక్ విల్సన్ బృందం, శబ్దాన్ని పౌనఃపున్యాల వారీగా విడగొట్టి, ఒక్కో ఎలక్ట్రోడ్‌కు ఒకదాని తరువాత ఒకటిగా అతి వేగంగా స్పందనలు పంపే పద్ధతిని రూపొందించి 1991లో ప్రచురించింది. ఆ ఫలితాలను ఏ కంపెనీ సొత్తూ కాకుండా అందరికీ వదిలేశారు. నేడు ఇలా చెవిలో అమర్చే పరికరాల్లో, అంటే కాక్లియర్ ఇంప్లాంట్లలో, వాడే పద్ధతులకు అదే పునాది. తెలుగు నేలపై ఆరోగ్యశ్రీ కింద కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స చేయించుకుని, చెవి వెనుక చిన్న బిళ్ల తగిలించుకుని బడికి వెళ్తున్న పిల్లలకూ ఆ పనితో చుట్టరికం ఉంది.

చెవికి విడి సంస్థగా ఎన్ఐడీసీడీ 1988లో వచ్చింది. ఆ ఏడాది మార్చిలో వాషింగ్టన్‌లో బధిరుల కోసం నడిచే గాలాడెట్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు ఉద్యమించి తమ విశ్వవిద్యాలయానికి బధిరుడైన అధ్యక్షుణ్ణి సాధించుకోవడంతో దేశమంతా అటు చూసింది. సెనేట్ సభ్యుడు టామ్ హార్కిన్‌కు ఫ్రాంక్ అనే అన్నయ్య ఉండేవారు, ఆయన చిన్ననాటి నుంచే బధిరుడు. ప్రతినిధుల సభలో క్లాడ్ పెప్పర్ స్వయంగా వినికిడి యంత్రాలు వాడేవారు. వారు ముందుండి నడిపిన బిల్లుపై ఆ అక్టోబరులో అధ్యక్షుడు రీగన్ సంతకం చేశారు. గణాంకాల కన్నా ఇంటి అనుభవమే ఆ చట్టాన్ని కదిలించిందని నా నమ్మకం.

తరువాతి ఫలితాల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది నవజాత శిశువుల వినికిడి పరీక్ష. నిద్రపోతున్న బిడ్డ చెవిలో మెత్తని చిన్న మొన ఉంచి సన్నని టిక్కు శబ్దాలు పంపితే, ఆరోగ్యంగా ఉన్న కాక్లియా తనంతట తాను ఒక అతి సూక్ష్మమైన శబ్దాన్ని తిరిగి పంపుతుంది. ఆ మొనలోని మైకు దాన్ని పట్టుకుంటుంది. ఈ సంగతిని 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ వెల్లడించారు. పుట్టిన ప్రతి బిడ్డనూ పరీక్షించాలని 1993లో అమెరికా ప్రభుత్వం పిలిపించిన నిపుణుల సదస్సు సూచించగా, ఇప్పుడు ఆ దేశంలో 95 శాతానికి పైగా శిశువులకు ఈ పరీక్ష జరుగుతోంది.

వృద్ధుల సంగతి మరోలా నడిచింది. వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా ఇచ్చే 1965 నాటి మెడికేర్ చట్టం వినికిడి యంత్రాలను తన పరిధి నుంచి మినహాయించింది. వాటిని చౌకగా అందించే దారులు వెతకమని 2009లో ఎన్ఐడీసీడీయే నిపుణులను సమావేశపరిచింది; 2017లో అందుకు చట్టం వచ్చింది, 2022 అక్టోబరులో డాక్టరు చీటీ లేకుండా వాటి అమ్మకం మొదలైంది.

బధిరులందరూ ఈ పరిశోధనను ఒకే విధంగా చూడలేదన్నదీ చెప్పాలి. 1990లో పిల్లలకు ఇంప్లాంట్ అనుమతించినప్పుడు అక్కడి బధిరుల జాతీయ సంఘం తీవ్రంగా వ్యతిరేకించింది. తమది లోపం కాదు, సంజ్ఞా భాష గల సమాజం అన్నది వారి వాదన, అది కొట్టిపారేయదగినది కాదు.

2025 జూలైలో సెనేట్ నిధుల కమిటీ కోతను అంగీకరించకుండా, మాతృసంస్థకు 40 కోట్ల డాలర్లు పెంచాలని నిర్ణయించింది. ఎన్ఐడీసీడీ చట్టం వల్ల పుట్టిన సంస్థ కాబట్టి, విలీనం ప్రశ్న మళ్లీ వచ్చినప్పుడల్లా అది కాంగ్రెస్ గడపకే చేరుతుంది. పెప్పర్ 1989లో మరణించారు. సెనేట్‌లో ఈ పరిశోధన నిధులను చూసే ఉపసంఘానికి ఏళ్ల తరబడి నాయకత్వం వహించిన హార్కిన్ 2015లో సెనేట్ విడిచి వెళ్లారు.