ఆ పేజీ తిప్పింది ఎవరు?

'పాపమువలన వచ్చు జీతము మరణము.' పదహారో శతాబ్దపు ఇంగ్లిష్ రచయిత క్రిస్టఫర్ మార్లో నాటకం 'డాక్టర్ ఫాస్టస్' మొదట్లోనే, పండితుడైన ఫాస్టస్ బైబిల్లో ఈ ముక్క చదివి ఆగిపోతాడు. అదే వాక్యం రెండో సగంలో దేవుడిచ్చే నిత్యజీవం మాట ఉంది. అది చదవడు. రాసిపెట్టి ఉన్నది ఎలాగూ జరుగుతుంది కదా అని బైబిల్ పక్కన పెట్టి మంత్రాల పుస్తకం అందుకుంటాడు. ఆ తర్వాత 24 ఏళ్ల భోగానికి తన ఆత్మను నరకాధిపతి లూసిఫర్‌కి రాసిచ్చేస్తాడు, అదీ సొంత రక్తంతో.

సగంలో ఆపడం అతని ఇష్టమా, తలరాతా? అప్పటి ప్రేక్షకులకు ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. మోక్షం విషయంలో మనిషికి కొంత స్వేచ్ఛ ఉందని 1524లో క్రైస్తవ పండితుడు ఎరాస్మస్ రాస్తే, అదంతా భ్రమ అని మరుసటి ఏడే మతసంస్కర్త లూథర్ విరుచుకుపడ్డాడు. ఎవరు గట్టెక్కుతారో, ఎవరు నరకానికి పోతారో దేవుడు ముందే తేల్చేశాడన్నాడు మరో సంస్కర్త కాల్విన్. మార్లో 1580లో చదువుకోవడానికి చేరిన కేంబ్రిడ్జిలో ఈ వాదం రాజుకుంటూనే ఉండేది. అతను పోయిన రెండేళ్లకి, 1595లో, అక్కడి గొడవ తేల్చడానికి మతపెద్దలు కాల్విన్ వైపు మొగ్గే 9 సూత్రాలు రాశారు. ఎలిజబెత్ రాణికి నచ్చక అవి మూలనపడ్డాయి.

నాటకం కూడా ఒక్క మాట మీద నిలబడదు. మార్లో పోయాక 1604లో అచ్చైన ప్రతిలో మంచి దేవదూత అంటుంది: పశ్చాత్తాపపడటం ఫాస్టస్‌కి చేతనైతే ఇంకా ఆలస్యం కాలేదు. 1616లో అచ్చైన ప్రతిలో 'చేతనైతే' పోయి 'మనసుంటే' వచ్చింది. ఒక్క మాట తేడా, కానీ తప్పు ఎవరిదన్న లెక్కే మారిపోతుంది. ఈ మార్పు మార్లోదే అని కూడా చెప్పలేం: అంతకుముందే 1602లో, నాటకానికి చేర్పులు రాసినందుకు థియేటర్ యజమాని హెన్‌స్లో ఇద్దరు రచయితలకు 4 పౌండ్లు ఇచ్చినట్టు పద్దు ఉంది.

తమాషా ఏంటంటే, భారమంతా ఫాస్టస్ మనసు మీద వేసిన ఆ 1616 ప్రతిలోనే చివర్లో, ఫాస్టస్‌కి ఊడిగం చేసిన దయ్యం మెఫిస్టోఫిలిస్ గొప్పలు పోతాడు: నువ్వు లేఖనాలు చదువుతుంటే పేజీలు తిప్పి నీ చూపును నడిపించింది నేనే అని. నాకైతే ఈ మాట మొదటి సీన్‌ని పాడుచేసినట్టే ఉంటుంది. అయినా అన్నది దయ్యం. చచ్చేవాణ్ణి ఇంకాస్త ఏడిపించడానికి అబద్ధమాడినా ఆడొచ్చు.

ఆఖరి గంటలో ఫాస్టస్ తన పుట్టుకనాటి నక్షత్రాలను తలుచుకుంటాడు. కన్నవాళ్లను శపిస్తాడు. వెంటనే, కాదు, నిన్ను నువ్వే శపించుకో అనుకుంటాడు. ఆ ఊపులోనే లూసిఫర్‌నీ శపిస్తాడు. గడియారం పన్నెండు కొడుతుంది.