అప్‌గ్రేడ్ రాళ్ల గొడవ ఎక్కడ మొదలైంది

ఆన్‌లైన్ గేమ్‌లలో గేర్ (ఆయుధాలు, కవచాలు) అప్‌గ్రేడ్‌కి ఆ దొరకని మెటీరియల్స్ ఎందుకు, గోల్డ్ (గేమ్‌లోని డబ్బు) కట్టేస్తే సరిపోదా అని కొత్త ప్యాచ్ (గేమ్ అప్‌డేట్) వచ్చినప్పుడల్లా ఒకటే గొడవ. ఈ గొడవకి పాతికేళ్లు దాటాయి, పైగా మొదట్లో ఈ కొరత వెనక కారణం కూడా వేరే.

1997లో అల్టిమా ఆన్‌లైన్ అనే గేమ్ వచ్చినప్పుడు ఆ గేమ్ ప్రపంచం మొత్తం మీద వనరులకి ఒక లెక్క పెట్టారు, ఉన్న సరుకు ఎవరో వాడేసి పోగొడితేనే కొత్తది పుడుతుంది. కాగితం మీద బాగానే ఉంది. జనం మాత్రం ఏదీ పారేయకుండా కుప్పలు పోసుకుని కూర్చున్నారు, దాంతో కొత్తగా పుట్టడానికి ఏమీ మిగల్లేదు, చివరికి ఆ లెక్కే ఎత్తేశారు. సరే సరుకు వస్తూనే ఉంటుంది, మరి పోయే దారేది? మాన్‌స్టర్‌ని కొట్టిన ప్రతిసారీ గోల్డ్ పుడుతూ పోతే దానికి విలువే ఉండదు కదా. 2000లో వచ్చిన డయాబ్లో 2లో అదే అయ్యింది, గోల్డ్‌ని ఎవరూ లెక్కచేయక స్టోన్ ఆఫ్ జోర్డాన్ ఉంగరాలతో బేరాలు ఆడుకున్నారు.

కొరియా వాళ్లు దీనికి ఒక మొరటు మందు కనిపెట్టారు. 1998 నాటి లీనేజ్ గేమ్‌లో స్క్రోల్‌తో (అప్‌గ్రేడ్‌కి వాడే మంత్రపత్రం) ఆయుధాన్ని +6 (ఆరో మెట్టు) దాకా, ఆర్మర్‌ని +4 దాకా భయం లేకుండా ఎక్కించొచ్చు, అది దాటాక ఫెయిల్ అయితే వస్తువే మాయం. అంటే స్క్రోల్‌తో పాటు గేర్ కూడా ఎకానమీలోంచి పోతుంది, డిజైనర్‌కి హాయి, మనకి గుండెపోటు. 2002లో రాగ్నరోక్ కూడా ఇదే దారి పట్టింది, పై స్థాయి ఆయుధాలకి ఒరిడెకాన్, ఆర్మర్‌కి ఎలూనియం అనే మెటీరియల్స్ కావాలి, సేఫ్ లిమిట్ దాటాక విరిగితే విరిగినట్టే. మ్యూ ఆన్‌లైన్‌లో అయితే అప్‌గ్రేడ్‌కి వాడే జువెల్ ఆఫ్ బ్లెస్, జువెల్ ఆఫ్ సోల్ ఏకంగా డబ్బుగా చెలామణీ అయ్యాయి. నాకు ఈ పద్ధతిలో నచ్చేది ఒక్కటే, ఆ రాయి ఎవడో కొట్టి తెచ్చిందే, కష్టపడితే నీకూ దొరుకుతుంది, వద్దనుకుంటే అమ్ముకోవచ్చు.

ఫ్రీ టు ప్లే (ఉచితంగా ఆడనిచ్చి లోపల సరుకు అమ్మే) గేమ్‌లు వచ్చాక కథ తిరగబడింది. విరిగిపోతుందనే భయం ముందే తయారుగా ఉంది, ఇక ఆ భయానికి మందు క్యాష్ షాప్‌లో పెట్టి నిజం డబ్బుకి అమ్మడమే. మేపుల్‌స్టోరీ క్యూబ్‌లు దీనికి పెద్ద ఉదాహరణ, గేర్ మీద ఆప్షన్లు (అదనపు శక్తులు) లాటరీలా మళ్లీ రోల్ చేయడానికి 2010లో తెచ్చారు. జనం ఎక్కువగా కోరుకునే ఆప్షన్లు వచ్చే ఛాన్స్ చెప్పకుండా తగ్గించారని, కొన్ని కాంబినేషన్లు అసలు రాకుండానే చేశారని తేల్చి కొరియా ఫెయిర్ ట్రేడ్ కమిషన్ 2024 జనవరిలో ఆ గేమ్ కంపెనీ నెక్సాన్‌కి 1,160 కోట్ల వాన్‌ల ఫైన్ వేసింది. అదే ఏడాది మార్చి నుంచి అక్కడ ఛాన్స్ ఎంతో బయటపెట్టడం చట్టప్రకారం తప్పనిసరి అయ్యింది. ఎంత కొరతో ఆడేవాడికి తెలియనప్పుడు దాన్ని కొరత అనాలో ఇంకేమనాలో మీరే చెప్పండి.

మధ్యలో ఇంకో రకం కూడా వచ్చింది, టైమ్ కొరత. గెన్షిన్ ఇంపాక్ట్‌లో రెజిన్ (రివార్డులు తీసుకోవడానికి ఖర్చయ్యే ఎనర్జీ) ఉంది చూడండి, 8 నిమిషాలకి ఒకటి, రోజంతా కూర్చుని ఆడతానన్నా పెరిగేది అంతే. 2023లో వావ్‌లో (వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్) క్రెస్ట్‌లు అనే అప్‌గ్రేడ్ టోకెన్లు తెచ్చినప్పుడు వారానికి ఇన్నే అని క్యాప్ పెట్టారు, కాకపోతే ఏ కష్టం కంటెంట్ ఆడితే ఆ స్థాయి క్రెస్ట్, వాటితో చేసే అప్‌గ్రేడ్ ఫెయిల్ అవ్వదు. వెయిట్ చేయాలి గానీ మోసపోయిన ఫీలింగ్ ఉండదు, నా ఓటు దీనికే.

లాస్ట్ ఆర్క్ గేమ్ మధ్యేమార్గం పట్టింది. హోనింగ్ (అక్కడ అప్‌గ్రేడ్‌కి పేరు) ఫెయిల్ అయినా గేర్ విరగదు, ఫెయిల్ అయిన ప్రతిసారీ ఆర్టిజన్స్ ఎనర్జీ అనే మీటర్ కొంచెం నిండుతుంది, 100కి చేరితే తర్వాతి దెబ్బ గ్యారంటీ. ఆ నూటికి చేరేలోపు రాళ్లు అయిపోతున్నాయనేదే అక్కడి జనం గోల.