మెట్లు దిగలేకపోతున్న మా పిల్లలకు

పిల్లలూ,

మీ అమ్మ ఫోన్‌లో అంతా చెప్పింది. ఆదివారం పొద్దున్నే కబడ్డీ సెలెక్షన్స్ కోసమని గ్రౌండుకెళ్ళి, వేసవి సెలవులంతా కదలని ఒంటితో ఏకబిగిన వంద గుంజీలు తీసి, పైన కప్పగంతులు కూడా వేశారట. ఆ సాయంత్రం హుషారుగానే ఉన్నవాళ్ళు సోమవారం లేచేసరికి తొడలు పట్టేశాయనీ, ఇవాళ మంగళవారం గోడ పట్టుకుని మెట్లు దిగుతున్నారనీ చెప్పింది. చిన్నది "లోపల ఏదైనా తెగిపోయిందేమో" అని ఏడ్చిందట. భయపడకు తల్లీ. ఈ నొప్పి నాకు బాగా తెలుసు.

కాలేజీ రోజుల్లో స్నేహితులతో అలిపిరి నుంచి తిరుమల నడిచి ఎక్కాను. 3,550 మెట్లు. మోకాళ్ళ పర్వతం దగ్గరికొచ్చేసరికి ప్రాణం కడగట్టింది. దర్శనం అయ్యాక పందెం వేసుకుని బస్సెక్కకుండా నడిచే దిగాం, దిగడం ఎంత హాయిగా ఉందంటే దారంతా కబుర్లే. మర్నాడు మాత్రం కుర్చీలో కూర్చోవాలంటే రెండు చేతులూ ఆన్చి, పళ్ళు బిగబట్టి కూలబడాల్సి వచ్చింది. చాలా ఏళ్ళ తర్వాత గానీ నాకు తెలియలేదు, అంత బాధపెట్టింది నేను ఎక్కిన మెట్లు కాదు, దిగిన మెట్లు.

కావాలంటే ఇప్పుడే చూడండి. రెయిలింగ్ పట్టుకుని, అరచెయ్యి తొడ మీద పెట్టుకుని ఒక్క మెట్టు నెమ్మదిగా దిగండి. కింది కాలు ఇంకా ఆనలేదు, పై మెట్టు మీదున్న కాలి తొడ రాయిలా బిగిసి ఉంది, కానీ మోకాలు వంగేకొద్దీ ఆ కండరం సాగుతోంది కూడా. గుట్ట మీంచి సైకిల్ బ్రేకు పట్టుకుని దిగినట్టు అది మీ బరువుని ఆపుతూ ఆపుతూ దించుతుంది. అలా బిగిసి ఉండగానే సాగినప్పుడు కండరంలో కంటికి కనపడనంత సన్నని పోగులు అక్కడక్కడా దెబ్బతింటాయి. గుంజీల్లో కిందికి వంగేటప్పుడూ అంతే, గంతు వేసి నేలమీద వాలేటప్పుడూ అంతే. వాటిని బాగుచేసుకోవడానికి ఒళ్ళు పని మొదలుపెడుతుంది, కాస్త వాపు వస్తుంది, అక్కడి నరాలు చిన్న ఒత్తిడికే జివ్వుమంటాయి. ఇదంతా జరగడానికి టైం పడుతుంది కాబట్టే నొప్పి ఆ రోజు రాదు, మర్నాడు మొదలై రెండో మూడో రోజుకి బాగా ముదిరి, వారం తిరిగేసరికి పోతుంది. లాక్టిక్ ఆసిడ్ పేరుకుపోవడం వల్ల అని ఇప్పటికీ జిమ్ముల్లో చెప్తుంటారు. నమ్మకండి, అది ఆట ఆపిన గంట, గంటన్నరకే సర్దుకుంటుంది, మర్నాటి నొప్పికి అది కారణం కాదు.

ఇక ఏం చెయ్యాలంటే, ముందు ఆ మంచం దిగండి. వీధి చివరిదాకా మెల్లగా నడిచి రండి, పావుగంట చాలు. మొదటి పది అడుగులే కష్టం, ఒళ్ళు వేడెక్కాక తేలికవుతుంది. కాసేపటికి మళ్ళీ పట్టేస్తుంది, అప్పుడు మళ్ళీ నడవండి. రాత్రి వేడినీళ్ళ స్నానం చెయ్యండి. అమ్మమ్మ ఉంటే వావిలాకు వేసి కాచేది, ఆకు దొరక్కపోతే ఉత్త వేడినీళ్ళయినా హాయినిస్తాయి. స్నానానికి ముందు నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి తొడలకీ పిక్కలకీ అరచేత్తో కింది నుంచి పైకి రాయండి, రాయడమే, బొటనవేలితో గుచ్చి పిసకడం వద్దు. కాళ్ళు సాగదీస్తే పోతుందని ఎవరైనా చెప్తే హాయిగా ఉన్నంతవరకే సాగదియ్యండి, దానివల్ల నొప్పి తగ్గేది చాలా తక్కువ. పెసరట్టో, గుడ్డో, ముద్దపప్పో కడుపునిండా తిని తొమ్మిదింటికల్లా పడుకోండి, ఫోన్లు పక్కన పెట్టి. అలమరాలో ఉన్న నాన్న నొప్పి మాత్రలు మాత్రం ముట్టుకోవద్దు.

ఒక్క విషయం జాగ్రత్తగా వినండి, సిగ్గుపడి దాచొద్దు. మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా, తొడలు బాగా ఉబ్బిపోయి కాలు పైకి లేవకపోయినా అప్పటికప్పుడు అమ్మకి చెప్పి ఆస్పత్రికి వెళ్ళాలి. మరీ శ్రుతిమించి చేస్తే కండరం కరిగి రక్తంలో కలిసి కిడ్నీలకి ముప్పు తెస్తుంది. అరుదే, కానీ వస్తే ఆలస్యం చెయ్యకూడదు. అలాగే నొప్పి కండలో కాకుండా మోకాలి కీలులో ఉన్నా, ఆడుతుండగానే కలుక్కుమని ఒకేచోట పట్టుకున్నా అది ఈ నొప్పి కాదు, డాక్టర్‌కి చూపించాలి.

కబడ్డీ మానేస్తామని పెద్దాడు అన్నాడట. మానొద్దు నాన్నా. ఒకసారి ఈ దెబ్బ తిన్న కండరం కొన్ని వారాలపాటు అదే పనికి అంతగా నొప్పెట్టదు, ఒళ్ళు అంత త్వరగా నేర్చుకుంటుంది. నొప్పి పూర్తిగా పోయాక ఇరవై గుంజీలతో మొదలుపెట్టండి, రెండు రోజులకోసారి అయిదైదు పెంచండి.

శనివారం నేనే వస్తున్నాను, గానుగలో ఆడించిన నువ్వుల నూనె ఒక సీసా తెస్తాను. బస్టాండుకి ఇద్దరూ నడిచే రండి.

మీ
తాతయ్య