ఖాళీ చేయమనే నోటీసు, పొడిగించమనే నోటీసు

అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయించాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి? అగ్రిమెంటులో నెల అని ఉంటే నెల, మూడు నెలలని ఉంటే మూడు నెలలు. అక్కడ ఏమీ రాసుకోనప్పుడే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ముందుకొస్తుంది. అందులోని 106వ సెక్షన్ ప్రకారం ఇళ్లకు, దుకాణాలకు పదిహేను రోజులు; వ్యవసాయానికో, వస్తువుల తయారీకో ఇచ్చిన ఆస్తికి ఆరు నెలలు. నోటీసు రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చేవాళ్ల సంతకం ఉండాలి. పోస్టులో పంపొచ్చు, చేతికివ్వొచ్చు, ఇంట్లోవాళ్లకో పనివాళ్లకో అప్పగించొచ్చు. ఇవేవీ కుదరకపోతే ఆస్తి దగ్గరే అందరికీ కనిపించేచోట అంటించవచ్చు.

ఆ ఆరు నెలలు ఇంగ్లాండ్ నుంచి వచ్చినవి. ఏడాది కౌలుకు అర్ధ సంవత్సరం ముందు చెప్పాలని, ఆ గడువు కూడా కౌలు సంవత్సరం ముగిసే రోజుతోనే ముగియాలని అక్కడి పాత ఆచారం. విత్తినవాడికే కోత దక్కాలన్న న్యాయం అందులో ఉంది. మన చట్టంలోకి వచ్చేసరికి కథ తిరగబడింది. 106వ సెక్షన్‌లో వ్యవసాయం అన్న మాట ఉంది కానీ, ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప సాగు కౌళ్లకు ఆ సెక్షన్ ఉన్న లీజుల అధ్యాయమే వర్తించదని 117వ సెక్షన్ అంటుంది. పొలం కోసం పుట్టిన గడువు రైతుకు దక్కకుండా ఫ్యాక్టరీకి దక్కింది.

దాంతో ఏది తయారీ, ఏది కాదు అన్న పేచీ మొదలైంది. నడుస్తున్న వ్యాపారాన్ని పదిహేను రోజుల్లో ఎత్తేయడం, ఆరు నెలల్లో సర్దుకోవడం ఒకటి కాదు కదా. వాహనాలు, విడిభాగాలు నిల్వ ఉంచి, బాగుచేసి అమ్ముకునే ఒక కంపెనీ తనది తయారీయేనని సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బాగుచేయడం తయారీ కాదని, పదిహేను రోజుల నోటీసు చాలని 1973లో తీర్పు నివేదికలకెక్కింది.

ఇళ్ల విషయంలో అసలు తంటా రోజుల సంఖ్యతో కాదు, అవి ముగిసే తేదీతో. అద్దె నెల ముగిసే రోజుతోనే నోటీసు గడువూ ముగియాలని పాత సెక్షన్ పట్టుబట్టేది. అద్దె నెల 5న మొదలై మరుసటి 4తో ముగుస్తుందనుకోండి. ఓనరు నెలాఖరుకు ఖాళీ చేయమని రాశాడు. పదిహేను కాదు, నలభై రోజుల వ్యవధి ఇచ్చినా ఆ నోటీసు చెల్లదు. పైగా ‘ఫలానా తేదీ నుంచి’ అని రాసుంటే ఆ తేదీని లెక్కలోంచి తీసేయాలని 110వ సెక్షన్. ఆ ఒక్క రోజు మీద ప్లీడర్లు గంటల తరబడి వాదించేవారు. ఏళ్లు నడిచిన దావా చివరికి తేదీ తప్పిందన్న కారణంతో కొట్టుడుపోయేది. ఓనరు మళ్లీ నోటీసు దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

కోర్టులకూ ఇది నచ్చినట్లు లేదు. తప్పులు వెతకడానికి కాకుండా నోటీసు నిలబడేలా చదవాలని బ్రిటిష్ కాలంలో మన కేసులకు ఆఖరి అప్పీలు కోర్టైన ప్రివీ కౌన్సిల్ 1918లోనే చెప్పింది. 1977 నాటి ఒక కేసులో ‘అక్టోబరు నెల లోపల’ ఖాళీ చేయాలని, లేకపోతే నవంబరు 1 నుంచి అక్రమంగా ఉన్నట్లేనని నోటీసులో రాశారు. నెల లోపల అంటే నెల పూర్తికాకముందే వెళ్లమన్నట్లు కదా అన్నది అద్దెదారు వాదన. హైకోర్టు ఒప్పుకుంది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు: నెల చివరి క్షణం దాకా ఉండొచ్చనే దానర్థమని, నోటీసు చెల్లుతుందని తేల్చింది. ఇంత చిన్న మాటకు దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లాల్సి రావడమే ఆ పాత నిబంధన ఎలాంటిదో చెబుతుంది.

2002 డిసెంబరు 31 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ఈ చిక్కు తెంపింది. ఇప్పుడు నోటీసు అందిన రోజు నుంచే లెక్క. నెలాఖరుతో పని లేదు. నోటీసులో పది రోజులే అని రాసినా, పదిహేను రోజులు గడిచాకే దావా వేస్తే ఆ లోపాన్ని పట్టించుకోరు.

మన దగ్గర మరో మలుపు ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కిందికి వచ్చే ఇళ్లలో ఓనరు కారణం చూపాల్సి ఉండేది: కావాలని అద్దె ఎగ్గొట్టడమో, అనుమతి లేకుండా వేరేవాళ్లకు ఇవ్వడమో, తనకే ఇల్లు అవసరపడటమో. అలాంటి కేసులకు 106 నోటీసు అక్కర్లేదని ఏడుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు 1979లో చెప్పారు. తర్వాత 2005 సవరణతో కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు, మిగతాచోట్ల 2,000 దాటిన అద్దెలను ఆ చట్టం నుంచి తప్పించారు. హైదరాబాద్‌లో ఆ అద్దెకు ఒక గది దొరకడం కూడా కష్టం కాబట్టి నగరమంతా దాదాపు 106 కిందికే తిరిగొచ్చింది. పదకొండు నెలల అగ్రిమెంటూ ఇలాంటిదే. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు కాబట్టి ఆ అలవాటు పుట్టింది. 1999లో ఉమ్మడి రాష్ట్రం రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించి, కాలపరిమితితో పని లేకుండా లీజులన్నిటికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసినా స్టాంపు పేపరు మీద పదకొండు నెలలు మాత్రం పోలేదు.

ఖాళీ చేయించే నోటీసు పట్ల ఇంత మెత్తబడిన న్యాయం, పొడిగింపు కోరే నోటీసు దగ్గర మాత్రం బిగుసుకుంటుంది. దుకాణం లీజుకు తీసుకునేవాళ్లు గుర్తుపెట్టుకోవలసింది నా ఉద్దేశంలో ఇదే. కాల్టెక్స్ అనే చమురు కంపెనీకి పదేళ్ల లీజు ఉండేది. ముగియడానికి రెండు నెలల ముందు రాసి కోరితే మరో పదేళ్లు ఇస్తారని షరతు. కంపెనీ ఆ గడువు దాటాక రాసింది. కొద్ది రోజుల ఆలస్యమే కదా అంటే సుప్రీంకోర్టు వినలేదు. పొడిగింపు అడగడం ఓనరు ఇచ్చిన ప్రత్యేక హక్కు, దాన్ని చెప్పిన గడువులోనే వాడుకోవాలి, తమ మనుషుల అజాగ్రత్త సాకు కాదు అంది. అదే కాల్టెక్స్‌ను 1977లో ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నప్పుడు, పాత షరతుల మీదే లీజులు పొడిగించుకునే అధికారాన్ని పార్లమెంటు చట్టంలోనే రాసిచ్చింది. అంతకు ముందు ఏడాది బర్మా షెల్ అనే మరో చమురు కంపెనీ విషయంలోనూ అంతే. పెట్రోలు బంకు స్థలాల యజమానులు ఏళ్ల తరబడి పాత అద్దెలకే కట్టుబడ్డారు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో 2007లో సుప్రీంకోర్టు, ప్రభుత్వ కంపెనీ కూడా ఆ అధికారాన్ని సహేతుకంగానే వాడాలని చెప్పింది.

ఇక మిగిలింది గడువు ముగిశాక కూడా కదలని అద్దెదారు సంగతి. లీజు కాలం దానంతట అదే ముగిస్తే 106 నోటీసు అవసరం లేదు. కానీ ఓనరు ఒప్పుకుని అద్దె తీసుకుంటూ పోతే 116వ సెక్షన్ కింద అది నెలవారీ అద్దెగా మారి, మళ్లీ పదిహేను రోజుల నోటీసు కావాలి. పొడిగింపుకు ముందుగా నోటీసివ్వాలన్న షరతు ఉండి, అద్దెదారు అది ఇవ్వకపోతే మాత్రం, ఓనరు తర్వాత అద్దె పుచ్చుకున్నంత మాత్రాన ఒప్పుకున్నట్లు కాదని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది.