మైలేజీ తగ్గిందని ఇంజిన్ మీద డబ్బు పోయకండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

పెట్రోలు రేటు పెరిగిన ప్రతిసారీ వర్క్‌షాపులకు ఒకటే ఫిర్యాదు: "మైలేజీ సగానికి పడిపోయింది, ఇంజిన్ చూడండి." ఎంత ఉండేది, ఎంతకు వచ్చింది అని అడిగితే చాలామంది దగ్గర లెక్క ఉండదు. రెండు వేలకు కొట్టిస్తే పది రోజులు వచ్చేది, ఇప్పుడు వారానికే అయిపోతోంది అంటారు. లీటరు 80 ఉన్నప్పుడు రెండు వేలకు 25 లీటర్లు వచ్చేవి. 107 దగ్గర అదే డబ్బుకు 18.7 లీటర్లే వస్తాయి. బండి అలాగే ఉంది, ట్యాంకులో పడేదే తగ్గింది. ఈ కంగారులో ఉన్నవాళ్లకు డీకార్బనైజింగ్ (ఇంజిన్‌లో పేరుకున్న మసి తీయడం), ఇంజెక్టర్ (ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే భాగం) క్లీనింగ్, మైలేజీ పెరుగుతుందంటూ ట్యాంకులో పోసే మందు సీసాలు అంటగట్టడం చాలా తేలిక. పెట్రోలు ఖర్చుకే ఇబ్బంది పడుతున్న మనిషి జేబుకు మరో చిల్లు అక్కడే పడుతోంది.

అపోహ: మైలేజీ తగ్గిందంటే ఇంజిన్ పాడైనట్టే.

ముందు నిజంగా తగ్గిందో లేదో తేల్చండి. ట్యాంకు ఫుల్ చేయించి, నాజిల్ దానంతటది టక్కున ఆగిన చోటే ఆపేయమనండి. ట్రిప్ మీటర్ సున్నా చేయండి. ముప్పావు ట్యాంకు ఖాళీ అయ్యాక అదే బంకులో, వీలైతే అదే నాజిల్ దగ్గర మళ్లీ ఆటో కట్ వరకు పోయించండి. ఇలా మూడుసార్లు చేసి, మొత్తం కిలోమీటర్లను మొత్తం లీటర్లతో భాగించండి. మూడుసార్లు ఎందుకంటే, ఆటో కట్ ఒక్కోసారి ఒక లీటరు అటూ ఇటూ అవుతుంది. పది లీటర్లు పోయించి లెక్క కడితే ఆ ఒక్క లీటరే పది శాతం తప్పు. 75 లీటర్ల మీద అదే తప్పు ఒకటిన్నర శాతం లోపే. ఐదు వందలకు, వెయ్యికి కొట్టిస్తూ మైలేజీ చెప్పడం ఎవరి వల్లా కాదు. డ్యాష్‌బోర్డులో కనిపించే సగటు కూడా అంచనానే, చాలా కార్లలో అసలు కంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది. ఇక కార్లను పరీక్షించే సంస్థ ఏఆర్‌ఏఐ ఇచ్చే మైలేజీ అంకె ల్యాబులో రోలర్ల మీద తీసినది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో దాన్ని ఆశించకండి.

మే నెల లెక్కను జనవరి లెక్కతో పోల్చొద్దు, మధ్యలో ఏసీ ఉంది. తిరిగే దూరం మారినా మైలేజీ మారుతుంది. కూలంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వేడెక్కేదాకా ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, పెట్రోలు ఎక్కువ పోయిస్తుంది. రోజూ రెండు కిలోమీటర్ల స్కూలు, మరో రెండు కిలోమీటర్ల మార్కెట్ అయితే ఇంజిన్ ఎప్పుడూ ఆ దశలోనే ఉంటుంది. ఆ పనులు ఒకే తిరుగుడులో కలిపేస్తే చాలు.

ఇవన్నీ చూశాక కూడా లీటరుకు 15 కిలోమీటర్లు వచ్చే బండి 11 ఇస్తోందా? అప్పుడు లోపం వెతకాలి, అది కూడా చవకైన వాటి నుంచి. మొదట టైర్ల గాలి. తర్వాత బ్రేకులు: పది కిలోమీటర్లు, బ్రేకు తక్కువగా వాడుతూ నడిపి, ఆపి, ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడండి. తాకొద్దు, కాలుతుంది. ఒక చక్రం మిగతా వాటికంటే బాగా వేడిగా ఉంటే బ్రేకు ప్యాడ్‌ను నొక్కే క్యాలిపర్ పిన్ జామ్ అయి ప్యాడ్ పట్టేసినట్టు. పిన్లు శుభ్రం చేసి గ్రీజు పెడితే చాలాసార్లు సరిపోతుంది. ఆ తర్వాత థర్మోస్టాట్, అంటే కూలంట్ దారిని తెరిచి మూసే వాల్వు. అది తెరుచుకుని ఉండిపోతే ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతూనే ఉంటుంది. స్కానర్ పెట్టి కూలంట్ వేడి ఎంతుందో చూడమనండి. ఇరవై నిమిషాలు నడిపాక కూడా 70 డిగ్రీలు దాటకపోతే దాని సంగతి చూడాలి.

స్కానర్ పెట్టినప్పుడే లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోలును ఎంత శాతం పెంచి లేదా తగ్గించి పోయిస్తోందో చెప్పే అంకె) కూడా చూపించమని అడగండి. ప్లస్ పది, మైనస్ పది లోపల ఉంటే గాలి, పెట్రోలు మిశ్రమం బాగానే ఉంది, ఇంజెక్టర్ క్లీనింగ్‌కు డబ్బు కట్టక్కర్లేదు. బాగా మైనస్‌లో ఉంటే ఇంజెక్టర్ కారుతోందేమో, సెన్సర్ తప్పు చెబుతోందేమో చూడాలి. బాగా ప్లస్‌లో ఉంటే ఎక్కడో గాలి లీకవుతోందేమో, పెట్రోలు ప్రెషర్ సరిపోవడం లేదేమో వెతకాలి. ఆ అంకె చూపించకుండా క్లీనింగ్ చేయించుకోండి అంటే ఒప్పుకోకండి.

అపోహ: ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలే మైలేజీని సగం చేసింది.

తగ్గదు అనేవాళ్ల మాటా తప్పే, సగమైంది అనే ఫార్వర్డు మెసేజీలూ తప్పే. ఇథనాల్‌లో పెట్రోలు కంటే శక్తి సుమారు మూడో వంతు తక్కువ. పెట్రోలులో దాన్ని 20 శాతం కలిపితే శక్తి ఆరేడు శాతం తగ్గుతుంది. 2022 జూన్ నాటికే దేశంలో 10 శాతం కలుస్తోంది కాబట్టి, అక్కడి నుంచి ఇక్కడికి తేడా మూడు నాలుగు శాతం. 2021లో నీతి ఆయోగ్ నివేదిక చెప్పింది కూడా ఇలాంటి అంకెలే: ఇథనాల్ లేని పెట్రోలుకు తయారై, ఈ10కు ట్యూన్ చేసిన కార్లలో 6-7 శాతం, ఈ10కు తయారై, ఈ20కి ట్యూన్ చేసిన వాటిలో 1-2 శాతం తగ్గుదల. అంటే 15 కాస్తా 14 అవుతుంది, 11 కాదు. పాత కారు ఉన్నవాళ్ల భయం మాత్రం అర్థం లేనిది కాదు. మాన్యువల్‌లో, పెట్రోలు మూత దగ్గర ఏ పెట్రోలు అని రాసుందో చూసుకోండి. సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా ఫ్యూయల్ పైపులు, రబ్బరు వాషర్లు గట్టిపడ్డాయేమో చూపించండి. బండి దగ్గర పెట్రోలు వాసన వస్తే వాయిదా వేయొద్దు.

అపోహ: ఎండాకాలం టైర్లు పేలకుండా గాలి తగ్గించాలి.

దయచేసి ఈ పని చేయకండి. గాలి తక్కువైతే టైరు పక్కగోడ ఎక్కువ వంగుతూ లోపల్లోపలే వేడెక్కుతుంది, ఎక్కువగా పేలేది అలాంటి టైరే. డ్రైవర్ వైపు డోర్ ఫ్రేమ్ మీద అంటించిన స్టిక్కర్‌లోని గాలి అంకె వేడి పెరుగుదలను లెక్కలోకి తీసుకుని ఇచ్చిందే. ఉదయం బండి తీయకముందు చూసిన గాలి దానికి సరిపోవాలి. నడిచాక నాలుగైదు పీఎస్‌ఐ పెరగడం మామూలే, తీసేయకండి. దూరం వచ్చాక బంకులో కొట్టించాల్సి వస్తే మూడు నాలుగు ఎక్కువ పెట్టించి, మర్నాడు ఉదయం సరిచూసుకోండి. నిండా మనుషులు, సామాను ఉంటే అదే స్టిక్కర్‌లో ఫుల్ లోడ్ అంకె వేరే ఉంటుంది. టైరు మీద మ్యాక్స్ అని అచ్చయిన అంకె అది తట్టుకునే హద్దు, కొట్టించాల్సింది కాదు. ఒక్కో పీఎస్‌ఐ తగ్గితే పెట్రోలు నష్టం 0.2 శాతమే, నాలుగు టైర్లలో ఆరేసి తగ్గినా శాతం పైచిలుకు. అసలు నష్టం అంచులు అరిగి ముందే మార్చాల్సి వచ్చే టైర్లది, ప్రాణానిది.

అపోహ: ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వేస్తే పెట్రోలు మిగులుతుంది.

ఇంజెక్టర్లు ఉన్న కార్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఈసీయూ పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో ఐడిల్ కోసం పోస్తూనే ఉంటుంది. పైగా శ్రీశైలం, తిరుమల ఘాట్‌లలో ఇంజిన్ బ్రేకింగ్ లేక మొత్తం భారం బ్రేకుల మీద పడి అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ఇంజిన్ ఆపేస్తే ఒకటి రెండు తొక్కుళ్లకే పెడల్ గట్టిపడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. ఎక్కిన గేరులోనే దిగండి.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. చల్లటి పెట్రోలు చిక్కగా ఉంటుందని తెల్లవారుజామున కొట్టించినా ఎక్కువ రాదు. ట్యాంకు భూమిలో ఉంటుంది, రెండు డిగ్రీల తేడా ఉన్నా 40 లీటర్లకు వంద మిల్లీ లోపే. 500 బదులు 510 కొట్టించడం వల్ల ఏమీ మారదు. కొలత మీద అనుమానముంటే ఐదు లీటర్ల కొలపాత్రతో చూపించమని అడగండి, చూపించాల్సిందే. ఆటో కట్ తర్వాత రౌండ్ ఫిగర్ కోసం ఇంకాస్త పోయిస్తే అది ఆవిరిని పట్టే క్యానిస్టర్‌లోకి పోయి దాన్ని పాడుచేస్తుంది. ఎక్కువ ఆక్టేన్ (ప్రీమియం) పెట్రోలు మాన్యువల్ అడిగితేనే. ఔటర్ రింగ్ రోడ్డు మీద గాలి నిరోధం 80 వేగం దగ్గర ఎంతుంటే 120 దగ్గర దానికి 2.25 రెట్లు. కుడికాలు కాస్త తేలిక చేస్తే ఏ సీసా ఇవ్వనంత మిగులుతుంది.

కాకినాడ నుంచి, పుదుచ్చేరి కిందికి వచ్చి పెట్రోలు చవకగా దొరికే యానాం వెళ్లి ట్యాంకు నింపుకొచ్చేవాళ్లకు ఒక లెక్క. లీటరుకు 12 రూపాయల తేడా అనుకుంటే 35 లీటర్లకు మిగిలేది 420. రానుపోను 60 కిలోమీటర్లకు ఖర్చయ్యేది నాలుగు లీటర్లు, అంటే నాలుగు వందలకు పైనే. అటు పని ఉండి వెళ్తే తప్పకుండా నింపుకోండి, ప్రత్యేకంగా దీనికోసమైతే వద్దు.