గంటలో బొమ్మ పూర్తికాకపోతే ఇంప్రెషనిజం రానట్టేనా?

ఆయిల్ పెయింటింగ్ నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చేవాళ్ళు మొదటి నెలలోనే అనే మాట ఒకటుంది. "సార్, గంటన్నర కూర్చున్నా సగం కూడా కాలేదు. నాకిది రాదేమో." ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది, బొమ్మ గంటలో అయిపోవాలన్న పుకారు పుట్టించిన వాళ్ళ మీద కోపమూ వస్తుంది.

అపోహ: ఇంప్రెషనిస్ట్ ల్యాండ్‌స్కేప్ (మారే వెలుగుని పట్టుకునే శైలిలో వేసే ప్రకృతి దృశ్యం) అంటే బయట కూర్చుని, ఒక్క సిట్టింగ్‌లో చకచకా వేసి లేవాలి.

వాస్తవం: ఈ శైలికి ఆద్యుల్లో ఒకడైన ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే తన పేరుపొందిన వరుస బొమ్మల్ని అలా వెయ్యలేదు. 1890-91లో తన ఊరు జివెర్నీలో గడ్డివాముల్ని ఆయన పాతిక దాకా కాన్వాసుల మీద వేశాడు. ఒక వెలుగుకి ఒక కాన్వాసు. ఎండ మారగానే చేతిలో ఉన్నది పక్కన పెట్టి ఇంకోటి తీసేవాడు. మళ్ళీ అలాంటి వెలుగే దొరికినప్పుడు పాతదాని దగ్గరికి వచ్చేవాడు. రువాన్ ఊళ్ళోని కెథెడ్రల్ (పెద్ద చర్చి) బొమ్మలు 1892, 93లలో అక్కడే మొదలుపెట్టినా, పూర్తి చేసింది ఇంటికొచ్చి స్టూడియోలో. చాలావాటి మీద 1894 అని ఉంటుంది. స్ట్రోక్ చూస్తే హడావుడిగా వేసినట్టుంటుంది, దాని వెనక నెలల పని ఉంది.

తొందర వల్ల అసలు నష్టం ఎక్కడంటే, టైమ్ చాలదన్న టెన్షన్‌లో వెలుగు వెంట పరిగెత్తుతాం. నేనూ పరిగెత్తాను. మొదట్లో గండిపేట చెరువు గట్టు మీద ఉదయం ఏడింటికి మొదలుపెట్టి పదింటి దాకా కూర్చున్నాను. ఇంటికొచ్చి చూస్తే ఒక చెట్టు నీడ బారుగా పక్కకి పడి ఉంది, ఇంకో చెట్టు నీడ కాండం దగ్గరికి ముడుచుకుపోయింది. ఒకే బొమ్మలో రెండు వేళలు! దిద్దుతూ దిద్దుతూ తడి రంగులన్నీ కలిపేసి బురద చేశాను. చివరికి మొత్తం గీకేయాల్సి వచ్చింది.

అందుకే ఇప్పుడు అందరికీ ఒకటే చెప్తాను. చిన్న బోర్డు తీసుకోండి, 9×12 అంగుళాలు చాలు. మొదటి పది నిమిషాల్లో నీడల ఆకారాలు పెట్టేయండి, ఆ తర్వాత ఎండ ఎటు జరిగినా వాటిని కదపొద్దు. మన ఎండలో నలభై నిమిషాలు దాటాక ఆపేయండి. మిగతాది ఇంకో రోజు, అదే టైముకి.

పోయిన చలికాలం ఒకావిడ, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, సామానంతా ఎవరికైనా ఇచ్చేస్తానన్నారు. "మేడమ్, నాలుగు ఆదివారాలు ఏడున్నరకే రండి, ఇదే బోర్డు తెండి" అన్నాను. మూడో వారానికి నీటి మీద పొగమంచు కుదిరింది. నాలుగో వారం ఆవిడ బ్రష్ పట్టుకోకుండా చాలాసేపు చెరువునే చూస్తూ కూర్చున్నారు, తర్వాత రెండే స్ట్రోకులు వేశారు. ఆ రెండూ సరిగ్గా కావలసినచోటే పడ్డాయి.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను.

నలుపు ముట్టుకోకూడదంటారు. కానీ ఇంకో ఇంప్రెషనిస్ట్ రెన్వార్‌కి ఐవరీ బ్లాక్ అనే నల్లరంగు చాలా ఇష్టం. నీడ కనబడిన ప్రతిచోటా నలుపు కలపడమే తప్పు. ఉదయం ఎర్రమట్టి మీద నీడని గమనించండి, అక్కడ పడేది ఆకాశపు వెలుగు, అందుకే చల్లగా, కాస్త ఊదాగా కనిపిస్తుంది.

మందంగా పూస్తేనే ఇంప్రెషనిజం అనేదీ తప్పే. కింది పొర పలచగా, నూనె తక్కువగా ఉండాలి. కింద నూనె ఎక్కువ, పైన తక్కువ అయితే తర్వాత పగుళ్ళొస్తాయి.

హెయిర్ డ్రయ్యర్ పెడితే ఆరిపోతుందంటారు. ఆయిల్ నీళ్ళలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడుతుంది. రోజులు పడుతుంది, ఆగండి.

ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. లిన్సీడ్ ఆయిల్ (రంగుల్లో వాడే అవిసె నూనె) తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే అవి వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. నిప్పురవ్వ అక్కర్లేదు. ఆరుబయట విడివిడిగా పరచండి, లేదా మూతున్న రేకు డబ్బాలో నీళ్ళు పోసి అందులో ముంచి పెట్టండి.